అరచేతి మీద తేలిన ఫోను

గచ్చిబౌలి,
జూన్ 9.

మామయ్యా,

నీకు ఫోన్లో సగం మాటలే వినబడతాయి, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. అందుకే మన పాత పద్ధతిలో ఉత్తరం రాస్తున్నాను. అత్తయ్యకు చదివి వినిపించు, కానీ నీ మసాలా కలపకుండా.

సంబంధం సంగతి అమ్మ చెప్పే ఉంటుంది. చైతన్య వాళ్లు అడిగారు, అమ్మ ఊ అంది, నేనూ ఊ అన్నాను. నిశ్చితార్థం శ్రావణంలో. అతను మా కంపెనీలోనే పక్క టీములో పనిచేస్తాడు. వాళ్లది ఏలూరు వైపు, కూకట్‌పల్లి వచ్చి స్థిరపడ్డారు. అసలు విశేషం వేరే ఉంది. సెలవు రోజుల్లో ఐటీ కంపెనీల పార్టీల్లో మ్యాజిక్ చేస్తాడు! నీలాగా కోటూ టోపీ లేవు, స్టేజీ లేదు. మనం కూర్చున్న బల్ల దగ్గరకే వచ్చి, మన ముక్కు కింద, మన ఫోన్లతోనే చేస్తాడు.

మొదటిసారి మా క్యాంటీన్లో చూశాను. నా ఫోను అడిగి తీసుకుని, ఏదో చూసి, వెతికే పేజీ తెరిచి ఇచ్చాడు. "ఇష్టమైన వస్తువేదైనా వెతుక్కో, నాకు చూపించకు" అన్నాడు. నేను నీ నల్ల పెట్టె తలచుకుని "మ్యాజిక్ పెట్టె" అని కొట్టాను. అతను కళ్లు మూసుకుని, నుదురు రుద్దుకుని, "పెట్టె... బట్టలు పెట్టుకునేది కాదు... లోపల మనిషి మాయమయ్యే పెట్టె" అన్నాడు. అందరం గోల గోల. తర్వాత నా ఫోను తన అరచేతి మీద పెట్టుకుని చెయ్యి మెల్లగా కిందికి దించాడు. ఫోను దిగలేదు. బెత్తెడు ఎత్తున గాలిలోనే నిలబడింది. "వీడియో తీసుకోండి, మొహమాటం వద్దు" అన్నాడు. తీశాం. ఎన్నిసార్లు వేసి చూసినా ఏమీ దొరకలేదు. మా మామయ్య కూడా మెజీషియనే అని గొప్పగా చెప్పాను. ఆ రోజే పడిపోయానేమో. నవ్వకు.

అప్పటి నుంచీ నా మనసు చదువుతూనే ఉన్నాడు. పనసపొట్టు కూర మీదకు మనసు పోయిన రోజున క్యారేజీలో పట్టుకొచ్చాడు. మోచేతి మీద దద్దుర్లు వచ్చి ఎవరికీ చెప్పకుండా దాచుకుంటే పూత మందు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. "ఇలాంటివాడు కోటికొక్కడే" అని అమ్మ మురిసిపోతోంది. నేనూ మురిశాను, మొన్నటి దాకా.

మొన్న పుణెలో ఒక ఉద్యోగం కనిపిస్తే ఊరికే వివరాలు చూశాను. ఎవరితోనూ అనలేదు. మర్నాడు టీ తాగుతూ, "పుణె వానలు నీకు పడవు ఉమా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను మాత్రం కప్పు పక్కన పెట్టేశాను.

మా టీములో స్రవంతి అని వరంగల్ పిల్ల ఉంది. ఈ సంగతి విని, "మనసుల మాట ఎరుకైతే మంచిదేనే. గని నువ్వు నోరు తెర్వకముందే అన్నీ ఎరుకైతున్నయంటే జర సోంచాయించాలె" అంది, అంటే కాస్త ఆలోచించుకోమని. నేను కసిరాను గానీ ఆ మాట బుర్రలోంచి పోవడం లేదు. ఎలా చేస్తాడు మామయ్యా? నాకు నిజం చెప్పు.

ఉమ


తణుకు,
జూన్ 20.

బుజ్జీ,

నీ ఉత్తరం మీ అత్తయ్యకు చదివాను. పనసపొట్టు దగ్గరకు వచ్చేసరికి ఆవిడ నన్నొక చూపు చూసింది. కాపురానికొచ్చిన నాటి నుంచి నేను ఆవిడ మనసు ఒక్కసారీ చదివిన పాపాన పోలేదట. "నిన్ను ఊరూరా గాలిలో తేల్చానుగా" అన్నాను. "తేల్చింది మీరా? మోసింది నా నడుం. చప్పట్లు మీకు, కాపడాలు నాకు" అంది.

ఎలా చేస్తాడని అడిగావు. ఇంకేదైనా అడుగు, చెబుతాను. ఒక మెజీషియన్ గుట్టు ఇంకొక మెజీషియన్ విప్పకూడదు. నాకున్న మడి అదొక్కటే. చిన్నప్పుడు నా జేబులో రూపాయి ఎక్కడికి పోయిందో చెప్పమని రోజంతా ఏడ్చావు, గుర్తుందా? అప్పుడూ చెప్పలేదు.

గుట్టు కాని మాట ఒకటి చెబుతాను. అందరినీ వీడియో తీయమన్నాడంటే గట్టివాడే. మా రోజుల్లో జనం కళ్లు మా చేతులకు అతుక్కుపోయి ఉండేవి. ఆ కళ్లను పక్కకు తిప్పడానికి రుమాళ్లు, పావురాలు, మీ అత్తయ్య తళుకుల చీర, ఇన్ని కావలసి వచ్చేవి. ఇప్పుడు ఆ బాధే లేదు. ఎవరి కళ్లు వాళ్ల ఫోను తెర మీదే. ఎదురుగా ఉన్న చేతిని చూసే నాథుడే లేడు.

పుణె సంగతి మనసులో పెట్టుకోకు. నీ మొహం చూసి కనిపెట్టి ఉంటాడు, నీకు దాచుకోవడం ఎప్పుడు వచ్చింది గనక? అంత సన్నటి, పొడుగాటి వేళ్లున్నవాడికి ఈ విద్య అబ్బకపోతే ఎవరికి అబ్బుతుంది? కుర్రాడు బుద్ధిమంతుడు. అనుమానం పెనుభూతం అన్నారు పెద్దలు. ఆ భూతాన్ని స్రవంతికి వదిలేసి నువ్వు హాయిగా చీరలు కొనుక్కో.

మామయ్య


గచ్చిబౌలి,
జూలై 6.

మామయ్యా,

నీ ఉత్తరం ఒకటికి పదిసార్లు చదివాను. చైతన్య వేళ్లు సన్నగా, పొడుగ్గా ఉంటాయని నేనెక్కడా రాయలేదు. అమ్మ నీకు పోస్టులో పంపిన ఫొటోలో అతను చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని ఉన్నాడు. మరి నువ్వెక్కడ చూశావు?

నా ఉద్యోగం నీకు ఎప్పుడూ అర్థం కాదంటావు కదా. ఇదే. వేరేవాళ్లు చేసిన దాంట్లో తప్పెక్కడుందో పట్టుకోవడానికి నాకు జీతమిస్తారు. నీ ఉత్తరంలోనూ ఆ పని చేయాల్సి వస్తుందని అనుకోలేదు. నాకు చాలా బాధగా ఉంది.

ఇంకోటి విను. నిశ్చితార్థం రోజున కోకాపేట హాల్లో చుట్టాలందరి ముందూ నన్ను గాలిలో తేలుస్తాడట. మా అపార్ట్‌మెంట్ హాల్లో సాధన మొదలుపెట్టించాడు. లంగా కింద నడుముకు బిగించుకునే పట్టీ ఒకటి తెచ్చాడు. నేను బిగుసుకుపోతుంటే, "భయం ముందు గొంతులో చేరుతుంది, గొంతు వదిలెయ్, నడుం అదే వదులుతుంది" అన్నాడు. ఆ మాట నేను చిన్నప్పుడు విన్నాను మామయ్యా. తణుకులో మీ పెరట్లో నువ్వు అత్తయ్యతో అనేవాడివి. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, "ఇంటర్నెట్‌లో అన్నీ ఉంటాయి" అని నవ్వాడు.

ఆ నవ్వు చూశాక నాకు ఒక బుద్ధి పుట్టింది. అతను ఇదివరకు పనిచేసిన చోట ఎలాంటివాడో తెలుసుకుందామని, అతని పేరూ ఆ కంపెనీ పేరూ కలిపి ఫోన్లో వెతికాను. మర్నాడు సాయంత్రం ఎవరూ పిలవకుండానే ఇంటికొచ్చాడు. ఆ కంపెనీ తనకిచ్చిన కాగితాలన్నీ అమ్మ ముందు పరిచాడు. "పెళ్లికి ముందే అన్నీ చూసుకోవాలి కదా ఆంటీ" అన్నాడు. అమ్మ కరిగిపోయి కాఫీ పెట్టడానికి లేచింది. అమ్మ లోపలికి వెళ్లగానే నా వైపు తిరిగి, "ఇంకేమైనా కావాలంటే నన్నే అడగొచ్చు" అన్నాడు, మెత్తగా.

ఫోను ఆఫీసులో తెలిసినవాళ్లకు చూపించాను. వైరస్ ఏమీ లేదన్నారు. అమ్మకు చెబితే నాకే ఏదో జబ్బన్నట్టు చూసింది. ఇక్కడ నేను ఎవరిని అడగాలి? నువ్వు ఎవరి వైపు? అది ఒక్కటి రాయి చాలు.

ఉమ


తణుకు,
జూలై 17.

ఉమా,

నీ వైపే. కానీ ఆ మాట నువ్వు నమ్మాలంటే ముందు నేను దాచింది బయట పెట్టాలి.

చైతన్య ఏప్రిల్లో ఇక్కడికి వచ్చాడు. అప్పటికింకా సంబంధం మాటే లేదు. నువ్వు చెప్పగా నా గురించి తెలిసిందన్నాడు. వీధి అరుగు మీదే కాళ్లకు దణ్ణం పెట్టి "గురువుగారూ" అన్నాడు. ఆ పిలుపు నా చెవిన పడి ఎన్నాళ్లయిందో నీకు తెలియదు. ఇప్పుడు నన్ను పిల్లల పుట్టినరోజులకు కూడా పిలవడం లేదు. నా విద్య నాతోనే కాటికి పోతుందని కుమిలిపోతున్నవాడికి ఆ వేళ్లు చూడగానే ప్రాణం లేచొచ్చింది. మా ఇంట్లోనే ఉండి తేలే ఆట అంతా నేర్చుకున్నాడు. నా సామాను కూడా ఇచ్చేశాను. మనింటి కబుర్లు అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నీ చిన్ననాటి ఫొటోలు కూడా చూపించాను. "ఉమకు చెప్పకండి, ఆశ్చర్యపరుస్తాను" అంటే తెలివితక్కువగా సరేనన్నాను.

నీ మీద ఇష్టంతో నా దగ్గరకొచ్చాడో, నా సామాను కోసం నీ దగ్గరకొచ్చాడో, ఇప్పుడు ఎంత ఆలోచించినా తేలడం లేదు. కాగితాల సంగతి చదివాక నాకు అన్నం సయించలేదు. నా మడి ఇవాళ్టితో సరి. విను.

నువ్వు క్యాంటీన్లో వెతికిన పేజీ అసలుది కాదు. అతను తయారుచేసుకున్నది, చూడ్డానికి మాత్రం అచ్చం అసలుదే. అందులో నువ్వు కొట్టిన ప్రతి అక్షరం అతని ఫోనుకు పోతుంది. నా దగ్గర ముచ్చటగా చేసి చూపించాడు. నేను భుజం తట్టాను కూడా. అది ఆట వరకూ తప్పు కాదు, బుజ్జీ. కానీ మా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. అరువు తీసుకున్న ఉంగరమైనా, గడియారమైనా, చప్పట్లు ఆగేలోపు ఎలా ఉన్నది అలా సొంతదారు చేతిలో పెట్టేయాలి. నీ ఫోను అతను అలా తిరిగిచ్చాడా? నాది బొత్తాల ఫోను, నాకు ఈ సంగతులు తెలియవు. అతని చేతిలోంచి వచ్చాక దానిలో ఏం మారిందో నువ్వే చూడు. అది జబ్బు కాదు, వేషం. అందుకే మీవాళ్లకు దొరకలేదేమో.

దొరికితే తీసేయకు. నువ్వు కలలో కూడా కోరని వస్తువు ఏదైనా అందులో వెతుకు. బాతుగుడ్ల కూర అనుకో, ఆ పేరెత్తితేనే నువ్వు ముక్కు మూసుకుంటావు. నోటితో ఎవరికీ అనకు, స్రవంతికి కూడా. ఏమవుతుందో నాకు రాయి.

మీ అత్తయ్య రాయమంటోంది: "మొగుడు స్టేజీ మీద మాయలు చేస్తే ఫరవాలేదు, ఇంట్లో కూడా చేస్తేనే బతకలేం."

మామయ్య


గచ్చిబౌలి,
ఆగస్టు 4.

మామయ్యా,

నా ఫోన్లో వెతికే గుర్తులు రెండున్నాయి. అవే రంగులు, అదే అక్షరం. ఒకటి కింది వరసలో, నా బొటనవేలు అలవాటుగా వెళ్లే చోట ఉంది. రెండోది ఎప్పుడూ తెరవని ఒక మూల దాక్కుని ఉంది. ఆ మూలదే అసలుది. పొద్దస్తమానం ఎదుటివాళ్ల తప్పులు పట్టే నేను, ఇన్ని నెలలుగా నా బతుకంతా అతని పేజీలోనే కొడుతున్నాను. నా దద్దుర్లు, నా భయాలు, అమ్మ బీపీ మందులు, అన్నీ. ముందు సిగ్గుతో ఏడ్చాను. తర్వాత కోపంతో ఏడ్చాను.

నువ్వు చెప్పినట్టే బాతుగుడ్ల కూర ఎలా వండాలో వెతికాను.

ఆదివారం కొండాపూర్‌లో గోదావరి భోజనం పెట్టే మెస్సుకు తీసుకెళ్లాడు. ముందే చెప్పి పెట్టినట్టున్నాడు, కూర్చోగానే గిన్నె వచ్చింది. "ఎందుకో ఇవాళ నీకు బాతుగుడ్లు తినిపించాలనిపించింది" అన్నాడు. అని ఆగాడు. నేను కళ్లు పెద్దవి చేసి "నీకెలా తెలిసింది?" అనాలి, అదీ ఆటలో నా వంతు. అన్నాను మామయ్యా. ఆ కూర తిన్నాను కూడా, నవ్వుతూ. ఇంటికొచ్చి కక్కుకున్నాను.

అమ్మకు అంతా చెప్పాను. నీ ఉత్తరం చూపించాను. "మనసులు కలిస్తే అలాగే తెలుస్తాయే. మీ నాన్నకూ అలాగే తెలిసేవి" అంది, చనిపోయిన మనిషిని సాక్ష్యానికి పిలుస్తూ. రెండు గుర్తులు చూపిస్తే తన ఫోను తెచ్చి నా ఫోను పక్కన పెట్టింది. "ఇదుగో, నా దాంట్లోనూ రెండున్నాయి. మొన్న భోజనానికొచ్చినప్పుడు అక్షరాలు పెద్దగా కనబడేలా చేసిచ్చాడు పాపం. కొత్త ఫోన్లన్నీ ఇంతేనేమో!" అమ్మ ఫోన్లో కూడా!

"అమ్మా, అతను మనిద్దర్నీ చూస్తున్నాడు" అన్నాను. "రుజువేదే? కార్డులు పంచేశాం. వాళ్లమ్మకు ఏమని చెప్పను, మీవాడు బాతుగుడ్లు పెట్టించాడు, అందుకని మాకు సంబంధం వద్దు అని చెప్పనా?" అంది.

స్రవంతికి చెప్పక తప్పలేదు. "ఇంక ఏం చూస్తున్నవే? పోలీసోళ్ల దగ్గరికి పోదాం పా, నేనొస్త" అని చెయ్యి పట్టుకుని లేపింది. వెళ్తాను. కానీ అక్కడ కూర్చున్నప్పుడు నా పక్కన అమ్మ ఉండాలి. అమ్మ అతని పక్కన నిలబడి "మా పిల్లకే అనుమానం ఎక్కువ బాబూ" అంటే నేను తట్టుకోలేను. శ్రావణంలో రెండో శుక్రవారమే ముహూర్తం. రోజూ సాధనకు రమ్మంటున్నాడు. నాకు భయంగా ఉంది.

ఉమ


తణుకు,
ఆగస్టు 11.

బుజ్జీ,

ఆ పట్టీ మళ్లీ కట్టుకోకు. జ్వరమను, కాలు బెణికిందను, ఏదో ఒకటి చెప్పు. తేలే ఆటలో మోసేది నీ నడుమైనా బిగించేది అతని చెయ్యి. మీ అత్తయ్య నా చేతిని నమ్మి పైకెక్కింది. మా ఆట మొత్తంలో మాయ కానిది అదొక్కటే. నమ్మలేని చెయ్యి బిగిస్తే నేల మీదే ఉండు. ఒకవేళ బలవంతాన ఎక్కించినా, అందరి ముందే లేచి కూర్చో. నా గుట్టు బయటపడితే పడనీ. నాకేం బాధ లేదని రాద్దామనుకున్నాను. ఉంది. కానీ నీకంటే అది ఎక్కువ కాదు.

మీ అమ్మకు ఫోను చేశాను. "నీకు సరిగ్గా వినబడదు అన్నయ్యా, అదేం చెప్పిందో, నువ్వేం విన్నావో" అని పెట్టేసింది. అది పుట్టినప్పటి నుంచీ అంతే. ఒకరు చెబితే నమ్మదు, తన కంటితో చూడాలి.

ఒక్క మాట చెబుతాను, ఇది నా అనుభవం. చాటుగా వినేవాడికి ఒకటే తంటా, విన్నట్టు కనబడకూడదు. పనసపొట్టు, బాతుగుడ్లు అయితే ఓపిక పట్టి, సమయం చూసి, నాటకంలా ఆడొచ్చు. తన మెడకు చుట్టుకునే మాట వినబడితే ఓపిక పట్టలేడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని ఊరికే అనలేదు. తప్పులు పట్టడం నీ ఉద్యోగం కదా, మిగతాది నువ్వే ఆలోచించు. నేను ముహూర్తం ముందు రోజు, గురువారం బండెక్కుతున్నాను.

మామయ్య


గచ్చిబౌలి,
ఆగస్టు 17.

మామయ్యా,

బండెక్కొద్దని అత్తయ్యకు ఫోన్లో చెప్పాను. ఎందుకో చెప్పలేదు, చెబితే నువ్వు సగమే వింటావు. కూర్చుని చదువు.

నిన్న మధ్యాహ్నం అమ్మా నేనూ భోజనాల బల్ల దగ్గర తాంబూలం సంచులు సర్దుతున్నాం. అమ్మ వక్కపొడి పొట్లాలు వేస్తోంది, నేను పసుపు కుంకాలు వేస్తున్నాను. నేను రెండు రోజులుగా కాలు బెణికిందని కుంటుతున్నాను గనక అమ్మకు నా మీద కాస్త జాలిగా ఉంది. మాటల్లో మాటగా ఫోను చేతిలోకి తీసుకున్నాను. కింది వరసలో ఉన్న గుర్తు నొక్కాను. "నిశ్చితార్థం రద్దు చేసుకుంటే మాట్లాడుకున్న హాలు ఎలా వదులుకోవాలి" అని కొట్టాను. కాసేపాగి, "పెళ్లి వద్దని అబ్బాయి తరఫువాళ్లకు ఎలా చెప్పాలి" అని కొట్టాను. ఫోను బల్ల మీద బోర్లించాను. మళ్లీ సంచులు సర్దడం మొదలుపెట్టాను.

ఇలా చేయబోతున్నానని స్రవంతికి చెప్పలేదు. నీకు రాయలేదు. అమ్మతో అసలే అనలేదు. అమ్మ వాళ్ల పెళ్లి నాటి భోజనాల గురించి చెబుతోంది, వంకాయ కూర మాడిందని ఎవరో అలిగారట. నేను ఊ కొడుతున్నాను గానీ ఒక్క ముక్కా వినడం లేదు. రాకపోతే బావుండునని కూడా అనిపించింది. నిజం. రాకపోతే ఇదంతా నా పిచ్చి, అమ్మ చెప్పిందే రైటు, పనసపొట్టు పనసపొట్టే. ఫోను ఒకసారి మోగింది. ఎత్తలేదు. మళ్లీ మోగింది. "ఎవరే?" అంది అమ్మ. "ఆఫీసు" అన్నాను.

సంచులు ఇంకా సగం కూడా కాలేదు, బెల్లు మోగింది.

చైతన్య. ఎప్పుడూ గుమ్మం బయటే బూట్లు విప్పి, వరసగా పెట్టి వచ్చే మనిషి బూట్లతోనే లోపలికి వచ్చాడు. హెల్మెట్ చేతిలోనే ఉంది. చెమటలు కారుతున్నాయి. నా వైపు చూడలేదు. నేరుగా అమ్మ దగ్గరకెళ్లాడు.

"ఆంటీ, నా వల్ల తప్పేదైనా ఉంటే చెప్పండి, సరిదిద్దుకుంటాను. అంతేగానీ హాలు వదిలేసుకుని, నిశ్చితార్థం రద్దు చేసుకోవడం ఏమిటండీ? మా అమ్మకు నేనేం చెప్పాలి?"

అమ్మ చేతిలో పొట్లం చేతిలోనే ఉండిపోయింది. నా వైపు తిరిగింది. నేను తల అడ్డంగా ఊపాను. అమ్మ బల్ల మీద గుట్టగా ఉన్న సంచులు చూసింది. తన చేతిలోని పొట్లం చూసుకుంది. దాన్ని సంచిలో వేయకుండా పక్కన పెట్టింది. తర్వాత, అతనికి కూర వడ్డించేటప్పుడు మాట్లాడే గొంతుతోనే, చాలా నెమ్మదిగా అడిగింది:

"రద్దని నీకెవరు చెప్పారు బాబూ?"

చైతన్య నోరు తెరిచాడు. అతని చూపు బల్ల మీద బోర్లించి ఉన్న నా ఫోను మీదకు వెళ్లింది. అమ్మ కూడా అటే చూసింది.

ఉమ